ప్రొఫైల్ అనే మాటలో వున్న పోగు

మన సంఘాలకు, మన యిండ్లకు యీ మధ్య వచ్చే కాగితాలలో ఒక ఇంగ్లీషు మాట పదే పదే కనిపిస్తున్నది. సరుకు కొనదలచిన వర్తకుడు “మీ ప్రొఫైల్ పంపండి” అని వ్రాస్తాడు. డాక్టరుగారు యిచ్చే చీటీలో “లిపిడ్ ప్రొఫైల్” అని వుంటుంది. పెండ్లి సంబంధాలు చూచేవారు “మా అబ్బాయి ప్రొఫైల్ పంపాము, మీ అమ్మాయిదేదీ?” అంటారు. పిల్లలు ఫోను చేతపట్టుకొని ప్రొఫైల్‌లో ఫోటో మార్చామంటారు. పత్రిక విప్పితే “హై ప్రొఫైల్ కేసు” అని పెద్ద అక్షరాలు. సోలాపురం, భివండిలలోని మన వారికి నోటీసు మరాఠీలోను, సేలంలోని వారికి తమిళంలోను, బరంపురంలోని వారికి ఒడియాలోను రావచ్చును. చుట్టూ భాష మారినా యీ ఒక్క మాట మాత్రం తరచు అట్లాగే మిగిలిపోతున్నది.

దీనికి అర్థమేమిటని అడిగేవారు మంచి పని చేస్తున్నారు. నేను అడగలేదు. అడగక మా సంఘానికి రావలసిన ఒక ఆర్డరు పోగొట్టినాను. ఆ సంగతి ముందు చెప్పి, తరువాత మాట సంగతికి వస్తాను.

కొన్ని సంవత్సరాల క్రిందట దూరపు నగరంలోని ఒక కొనుగోలుదారు వద్దనుంచి మా సంఘానికి ఉత్తరం వచ్చింది. మన చీరలు ఒక ప్రదర్శనలో చూశామనీ, నచ్చాయనీ, సంఘం ప్రొఫైల్ పది రోజులలో పంపవలసినదనీ అందులో వున్నది. అప్పట్లో సంఘం కాగితాలు చూచేవాడిని నేనే. ప్రొఫైల్ అంటే జీవితచరిత్ర వంటిదని యెక్కడో చదివి వున్నాను. సంఘానికి జీవితచరిత్ర అంటే అధ్యక్షులవారి జీవితచరిత్రే గదా అనుకొని మూడు పుటలు నింపినాను. వారు పుట్టిన వూరు, చేసిన సేవలు, పొందిన సన్మానాలు, మెడలో పూలదండతో ఒక ఫోటో. నిఘంటువులో “ప్రక్కనుంచి చూచిన ముఖం” అని కూడ వున్నది గనుక, యెందుకైనా మంచిదని, వారు ప్రక్కకు తిరిగి నిలబడిన ఫోటో ఇంకొకటి జతచేసినాను. మగ్గాలెన్ని, నూలు యే నంబరు, నెలకు యెన్ని చీరలు దిగుతాయి అన్న ముక్క ఆ మూడు పుటలలో యెక్కడా లేదు.

జవాబు రాలేదు. నెల గడచిన తరువాత మేమే ఫోను చేస్తే, ఆర్డరు మరొక వూరివారికి వెళ్ళిపోయినదని మర్యాదగానే చెప్పారు. ఆ దసరాకు మా వీధిలో పదకొండు మగ్గాలు ఖాళీగా వున్నవి.

అప్పుడు గాని ఆ మాట యెక్కడిదో చూడాలని నాకు బుద్ధి పుట్టలేదు. చూస్తే, అది మన యింటి మాటకు దగ్గర చుట్టమే అయినది. లాటిన్ భాషలో ‘ఫీలుం’ అంటే పోగు. ఇటలీ వారి భాషలో అది ‘ఫీలో’ అయినది. దానినుంచి ‘ప్రొఫిలారె’ అనే క్రియ పుట్టింది; అనగా ఒక వస్తువు అంచు వెంబడి పోగు పరచినట్లు గీత గీయటం. ఆ గీతకు ‘ప్రొఫీలో’ అని పేరు. 17వ శతాబ్దం నడుమ యీ మాట ఇంగ్లీషులోకి దిగింది. పాతకాలపు ఇంగ్లీషువారిలో కొందరు ‘ప్రోఫీల్’ అని కూడ పలికేవారు. నేడు ‘ప్రోఫైల్’ అన్నదే నిలిచింది.

ఆఫీసులలో మనలను తిప్పి తిప్పి వదిలే ‘ఫైలు’ కూడ యీ పోగు సంతానమే. పూర్వం కాగితాలు చెదిరిపోకుండ దారానికో తీగకో గుచ్చి వుంచేవారు. ఆ దారానికి వచ్చిన పేరు తరువాత కాగితాల కట్టకే నిలిచిపోయింది. బల్బులో వెలిగే సన్నని తీగ ఫిలమెంటు. పట్టుపురుగు వదిలే తంతువు కూడ ఫిలమెంటే. బట్ట అంచుకు అలంకారంగా కుట్టుపని చెయ్యటాన్ని ఇంగ్లీషులో ‘పర్ఫుల్’ అనేవారు. ఆ మాట బట్టల వ్యాపారంలో దాదాపు కనుమరుగైనా, వయొలిన్ పలక అంచున పొదిగే సన్నని చారను నేటికీ పర్ఫ్లింగు అనే అంటారు. ప్రొఫైల్, పర్ఫుల్ ఒకే వేరునుంచి వచ్చినవి. కాబట్టి ప్రొఫైల్ అనగానే బెదరవలసిన పని మన వారికి లేదు. అంచు పోగు అనుకుంటే మాట సగం అర్థమయినట్లే.

మనిషి ముఖానికి అంచు యెప్పుడు బాగా తెలుస్తుంది? ప్రక్కనుంచి చూచినప్పుడు. నుదురు, ముక్కు, పెదవులు, గడ్డం ఒకే గీతగా దిగుతాయి. అందువల్ల ప్రక్కముఖానికి ప్రొఫైల్ అని పేరు వచ్చింది. ఆరవ జార్జి రూపాయి మీద రాజుగారి తల అట్లాగే ప్రక్కకు తిరిగి వుండేది. మన లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దంలో వ్రాసిన బొమ్మలు చూచిన వారికి, అందులోని స్త్రీపురుషులు చాలామంది ప్రక్కకే తిరిగి వుంటారని జ్ఞాపకం వుంటుంది. మనవాళ్ళు అక్కడికి వెళితే ముఖాలు చూడరు, ఆ బొమ్మలు కట్టిన చీరల అంచులు, బుటాలు చూస్తూ మెడ నొప్పి పెట్టేదాకా నిలబడతారు. అది వేరే సంగతి. తోలుబొమ్మలాటలో కూడ యెక్కువ పాత్రలు ప్రక్కముఖంతోనే తెర మీదికి వస్తాయి. యెదురు ముఖమైతే తెర మీద ముక్కు తెలియదు. ప్రక్కముఖమైతే రాముడెవరో, రాక్షసుడెవరో వెనుక వరుసలో కూర్చున్న పిల్లవాడికి కూడ తెలుస్తుంది.

ఇందులో ఒక సంగతి గమనించవలసి వున్నది. ప్రక్కముఖంలో మనిషి యెవరో గుర్తుపట్టవచ్చును గాని, రెండవ కన్ను కనపడదు. ప్రొఫైల్ అంటే పూర్తి రూపం కాదు. ఒక ప్రక్కనుంచి తీసిన అంచు గీత. తరువాత యీ మాటకు వచ్చిన అర్థాలన్నిటిలోను యీ రెండు గుణాలూ వున్నవి.

వస్తువును అడ్డంగా కోసి చూస్తే కనిపించే ఆకారానికి కూడ ప్రొఫైల్ అనే అంటారు. కిటికీలకు వాడే అల్యూమినియం బద్దీల ఆకారం ఒక ప్రొఫైల్. ఇల్లు కట్టేటప్పుడు పునాది గీత తప్పకుండా మేస్త్రీలు మూలల వద్ద పాతే పలకలను ప్రొఫైల్ బోర్డులంటారు. ఆ పలకనుంచి యీ పలకకు వారు లాగి కట్టేది కూడ దారమే. మన వృత్తికి యిందులో ముఖ్యమైనది పోగు అడ్డుకోత. జిగురు తీసిన పట్టు తంతువును అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే, మూలలు కొంచెం అరిగిన త్రికోణంగా వుంటుంది. ఆ త్రికోణపు ముఖాల మీద వెలుగు పడి తిరిగి రావటం వల్లనే పట్టుకు ఆ మెరుపు. పత్తి పోగు అట్లా కాదు. కాయ పగిలి యెండిన తరువాత అది లోపలికి నొక్కుకుపోయి, చిక్కుడు గింజ ఆకారంలో, మెలి తిరిగిన రిబ్బనులాగా అవుతుంది; అందుకే మామూలు నూలుకు మెరుపు తక్కువ. కాస్టిక్ సోడాలో ముంచితే పత్తి పోగు వుబ్బి గుండ్రబడుతుందని ఇంగ్లండులో జాన్ మెర్సర్ కనిపెట్టి 1850లో పేటెంటు తీసుకున్నాడు. పోగును బిగలాగి పట్టి ఆ పని చేస్తే మెరుపు వస్తుందని 1890లో హొరేస్ లో చూపించాడు. మనం కొనే మెర్సిరైజ్డు నూలు అంటే యిదే, అనగా పోగు ప్రొఫైల్ మార్చిన నూలు. పట్టు త్రికోణాన్ని చూచి, పాలియెస్టరు పోగును కూడ మూడు రెక్కల ఆకారంలో తీసి మెరిపిస్తున్నారు. పట్టు అని చెప్పి యిటువంటిది అంటగట్టేవారు వున్నారు గనుక, ఒక పోగు కాల్చి చూడండి: పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి పొడి బూడిద అవుతుంది, పాలియెస్టరు కరగి గట్టి పూసగా ముద్ద కడుతుంది.

మర మగ్గాల మీద పనిచేసే వారు ‘ప్రొఫైల్ రీడు’ అనే మాట వినివుంటారు. గాలి వూది పేక పంపే ఎయిర్‌జెట్ మగ్గాలలో పన్నె పండ్లు తిన్నగా వుండవు. ప్రతి పంటికీ ఒక గంటు వుంటుంది. పండ్లన్నీ వరుసగా నిలబడితే ఆ గంట్లు కలిసి ఒక కాలువ అవుతుంది. గాలి చెదిరిపోకుండ పేకను ఆ కాలువ వెంట తీసుకుపోతుంది. మామూలు పన్నె దానికి పనికిరాదు.

చేతి మగ్గం వారికి యింతకన్న దగ్గరిది ‘ప్రొఫైల్ డ్రాఫ్టు’. విదేశీ కొనుగోలుదారులు డిజైను పంపేటప్పుడు ఒక్కొక్కసారి యిది పంపుతారు గనుక కొంచెం వివరంగా చెబుతాను. మన జాకార్డు గ్రాఫులో సాధారణంగా నిలువున ఒక గడి అంటే ఒక పడుగు పోగు, లేదా ఒక హుక్కు. అడ్డంగా ఒక వరుస అంటే ఒక పేక, ఒక అట్ట. ప్రొఫైల్ డ్రాఫ్టులో అట్లా కాదు. అక్కడ ఒక గడి అంటే ఒక పోగుల గుంపు. ఆ గుంపులో నాలుగు పోగులుండవచ్చు, ఆరుండవచ్చు, ఎనిమిదుండవచ్చు. అది నేత రకాన్నిబట్టి నేసేవాడు నిర్ణయించుకోవలసినది. అమెరికా, ఐరోపాలలోని చేనేతవారు ఒకే ప్రొఫైల్ డ్రాఫ్టును తీసుకొని, పోగుల గుంపు మార్చి, వేరు వేరు నేతలలో నేస్తారు. డిజైనుకు అంచు గీత మాత్రమే అందులో వుంటుంది. లోపలి అల్లిక వుండదు.

ఇది తెలియకపోతే యేమవుతుందో లెక్క చూడండి. అంచు డిజైను 40 గడుల వెడల్పున వచ్చిందనుకోండి. అంగుళానికి 80 పోగుల పడుగు. గడికి నాలుగు పోగులని గ్రహిస్తే 160 పోగులు, రెండంగుళాల అంచు. మన అలవాటు ప్రకారం గడికి ఒక పోగే అనుకొని నేస్తే 40 పోగులు, అర అంగుళం. రెండంగుళాల అంచు అడిగినవాడికి అర అంగుళం అంచు పంపితే సరుకు తిరిగి వస్తుంది, రానుపోను కిరాయి మన మీద పడుతుంది. అందువల్ల గడుల కాగితం చేతికి రాగానే, గడికి యెన్ని పోగులని మొదట వ్రాసి అడగాలి. అడగటం చిన్నతనం కాదు.

రంగుల పనిలో ‘టెంపరేచర్ ప్రొఫైల్’ అని వుంటుంది. రంగు తొట్టి వేడి యే నిమిషానికి యెంత వుండాలో చూపే గీత అది. పట్టుకు యాసిడ్ రంగులు వేసేటప్పుడు సాధారణంగా 40 డిగ్రీల వద్ద మొదలుపెట్టి, అర్ధగంట ముప్పావుగంటలో నెమ్మదిగా 85, 90 డిగ్రీలకు తెచ్చి, కొంతసేపు అక్కడే నిలిపి, తరువాత దించుతారు. కాగితం మీద ఆ గీత యెక్కి, చదునుగా నడచి, దిగుతుంది. కొండను దూరాన నిలబడి ప్రక్కనుంచి చూచినట్లే వుంటుంది గనుక దానికి ఆ పేరు. తొందరపడి ఒక్కసారిగా మంట పెంచితే రంగు చిలపలో పైపోగులను పట్టుకొని లోపలివాటిని వదిలేస్తుంది. తీరా నేసిన తరువాత చీర అంతా చారలు. రంగు డబ్బాతో వచ్చిన కాగితంలో యీ గీత వుంటే పారవేయకండి.

మనుషుల విషయంలో యీ మాట బాగా వ్యాప్తికి వచ్చింది పత్రికల వల్ల. అమెరికాలో 1925లో మొదలైన ‘న్యూయార్కర్’ పత్రిక ఒక్కొక్క మనిషిని గురించి వేసే వ్యాసాలకు ‘ప్రొఫైల్స్’ అని పేరు పెట్టింది. 1956లో జాన్ కెన్నెడీ, అప్పటికింకా అధ్యక్షుడు కాలేదు, ఎనిమిదిమంది సెనేటర్ల ధైర్యాన్ని గురించి వెలువరించిన పుస్తకం పేరులో కూడ యీ మాట వున్నది. నేను చదివి మోసపోయినది యీ అర్థమే. నలుగురి కంటపడేటట్లు వుండటం హై ప్రొఫైల్, తలవంచుకొని తన పని తాను చేసుకోవటం లో ప్రొఫైల్. మన కులవృత్తివారు తరతరాలుగా రెండవ రకమే.

లిపిడ్ ప్రొఫైల్ అన్నది చూచి కంగారుపడవద్దు. అది జబ్బు పేరు కాదు. రక్తంలోని కొవ్వును ఒక్క అంకెతో చెప్పలేరు గనుక, మొత్తం కొలెస్ట్రాలు, అందులో చెడుదనే ఎల్‌డిఎల్, మంచిదనే హెచ్‌డిఎల్, ట్రైగ్లిసరైడ్లు, యిన్ని కలిపి ఒక చీటీలో చూపుతారు. థైరాయిడ్ ప్రొఫైల్ అన్నా యిటువంటి పరీక్షల గుంపే. పరగడుపున రావాలా వద్దా అన్నది మాత్రం ముందే అడిగి తెలుసుకోండి.

ఫోనులోని ప్రొఫైల్, పెండ్లి ప్రొఫైల్ గురించి యెక్కువ చెప్పనక్కరలేదు, మన పిల్లలకే మనకంటె బాగా తెలుసు. పేరు, ఫోటో వుంటే అదే మనిషి అని నమ్మవద్దు, యెదుటి కన్ను అందులో కనపడదు అని మాత్రం మనవి. పెండ్లి ప్రొఫైల్‌లో ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, యింటి తలుపు నంబరు వ్రాసేవారు వున్నారు. అవి అక్కడ వుండవలసినవి కావు.

ఇక మన సంఘాలనూ, మాస్టరు వీవర్లనూ అడిగే ప్రొఫైల్. ఇక్కడే మన కూడు వున్నది. అడిగేవాడు యే ప్రక్కన నిలబడి చూస్తున్నాడో ముందు ఆలోచించాలి. బ్యాంకువాడు అప్పు తీరుతుందా అన్న ప్రక్కనుంచి చూస్తాడు. వాడికి సంఘం రిజిస్ట్రేషను, మూడేండ్ల లెక్కలు, పాత అప్పుల సంగతి కావాలి. సరుకు కొనేవాడు చెప్పిన రోజుకు చెప్పిన సరుకు వస్తుందా అని చూస్తాడు. అతనికి అధ్యక్షులవారి సన్మానాలతో పని లేదు. యెన్ని మగ్గాలున్నవో కాదు, యెన్ని ఆడుతున్నవో చెప్పాలి. గుంట మగ్గాలా, జాకార్డు వున్నవా, డాబీ వున్నదా. పడుగు యే నంబరు, పేక యే నంబరు. యెంత పన్నా దిగుతుంది. రంగులు మనమే వేస్తామా, బయట వేయిస్తామా. నెలకు యెన్ని బట్టలు. వానలు పడే నెలలలో యెంత తగ్గుతుంది. ఈ చివరిది యెవరూ వ్రాయరు. గంజి పెట్టిన పడుగు ముసురులో ఆరదని కొనేవాడికి తెలియదు, మనకు తెలుసు. ముందే చెప్పినవాడిని నమ్ముతారు. భౌగోళిక గుర్తింపు వున్న రకమైతే, అధికారపూర్వక వినియోగదారుగా మన పేరు నమోదైనదీ లేనిదీ చెప్పాలి; లేకపోతే లేదని వ్రాయాలి. ఇరవై మగ్గాలుంటే ఇరవై అనే వ్రాయండి. రెండువందలని వ్రాసి ఆర్డరు తెచ్చుకొని, మర మగ్గం బట్ట కొని పంపి, వున్న పేరు చెడగొట్టుకున్నవారు వున్నారు. ఇదంతా రెండు పుటలకు మించనక్కరలేదు. బట్ట ఫోటోలు పగటి వెలుతురులో తీసినవి నాలుగు చాలు.

మేము అట్లా వ్రాసిన రెండవ ప్రొఫైల్ మరొకచోటికి పంపినాము. ఈసారి జవాబు వచ్చింది. కాని అందులో ఒక ప్రశ్న కూడ వచ్చింది: మీ సంఘంలో పనిచేసే స్త్రీలు యెందరు? మా కాగితంలో వున్న పేర్లన్నీ మగవారివే. మగ్గం యెవరి పేర వున్నదో వారినే వ్రాసినాము. 2019–20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణనలో లెక్కకు వచ్చిన 35 లక్షల చిల్లర చేనేత పనివారిలో నూటికి 70 మందికి పైగా స్త్రీలే. మా కాగితం ప్రకారం మా వీధిలో ఒక్కరూ లేరు!

ఒక నోటుబుక్కు పుచ్చుకొని యింటింటికీ తిరిగినాను. కండెలు చుట్టేవారు, పడుగు అతికేవారు, రాత్రి పూట భర్త లేచిన మగ్గం మీద కూర్చుని కొంగు నేసేవారు, అందరినీ వ్రాసుకుంటూ మా పిన్ని యింటికి వెళ్ళినాను. ఆమె రాట్నం తిప్పుతూనే, “నా పేరెందుకురా కాగితంలో? మీ బాబాయి పేరున్నది గదా” అన్నది.

“కొనేవాళ్ళు అడిగారు పిన్నీ. యెన్నేండ్లనుంచి చేస్తున్నావు?”

ఆమె రాట్నం ఆపి లెక్క పెట్టుకున్నది. “పెండ్లి కాకముందు తొమ్మిదేండ్లు మా అమ్మగారింట్లో. అది కూడ వ్రాస్తావా?”

వ్రాసినాను. మూడవ ప్రొఫైల్‌లో మగ్గం పనివారు ముప్పైయొక్కమంది, అందులో స్త్రీలు పంతొమ్మిదిమంది అని వున్నది. ఆ కాగితం నకలు మా సంఘం కార్యాలయంలో తీగకు గుచ్చి వున్నది. కావలసిన సంఘాలవారు వ్రాస్తే పంపుతాము.